చెప్పులు చూసే ఖాలా

ఈరోజు మా ఠాణా శాంతి కమిటీలో, చనిపోయిన మా తోటి సభ్యురాలు ఖాలా కోసం రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఖాలా అంటే పిన్నమ్మ, ఆమెను అందరం అలాగే పిలిచేవాళ్లం. నిజానికి రెండు నిమిషాలు కూడా కాలేదు. మధ్యలో వైర్‌లెస్ సెట్టు గరగరమంది, ఎస్సై గారు లేచి బయటికి వెళ్లారు, మిగిలినవాళ్లం ఎప్పుడు కూర్చోవాలో తెలియక ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత చాయ్ వచ్చింది. చాయ్ వెంట రిజిస్టర్ వచ్చింది.

ఠాణాలో కాగితాల పనంతా చూసే హెడ్ కానిస్టేబుల్‌ని అందరూ రైటర్ అని పిలుస్తారు. ఆయన కొత్త పేజీ తెరిచి, పైన చాలా జాగా వదిలేసి, కింద వేలు పెట్టి చూపించాడు.

"గీడ పెట్టుండ్రి సార్ సంతకాలు. సంతాపం మాట పైన రాస్తం."

అందరూ పెట్టారు. మసీదు కమిటీ అధ్యక్షుడు సదర్ సాబ్, బట్టల దుకాణం సేటు, రిటైరైన టీచరు, అందరూ. రిజిస్టర్ నా దగ్గరికి వచ్చేసరికి రైటర్ నవ్వాడు. "మీరైతే మంచిగ రాస్తరు మేడం. ఖాలా మీకు బాగ దగ్గర గదా. ఇంటికి తీస్కపోయి రాసి, రేపు పొద్దుగాల తెచ్చియ్యుండ్రి. పై ఆఫీసుకు కాపీ పంపాలె."

అందుకే ఆ రిజిస్టర్ ఇప్పుడు మా వంటింటి బల్ల మీద ఉంది. పాప నిద్రపోయింది. పేజీ నంబరు యాభై ఎనిమిది. కింద ఆరు సంతకాలున్నాయి, వాటిపైన ఒక్క అక్షరం లేదు. నాది ఇంకా పెట్టలేదు. 'ఆమె మృతి మా కమిటీకి తీరని లోటు' అని మొదలుపెడితే నాలుగు వాక్యాల్లో అయిపోయే పని. పెన్ను మూత తీసి చాలాసేపయింది. ఆ మాట రాయబోతే ఖాలా గొంతే వినబడుతోంది. "గది అందరికి రాస్తరు బేటీ. నాకేం రాసినవ్?"

ఆమె చేతికి ఏదిచ్చినా ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి అంచు నొక్కి చూసేది. పాలకూర కట్టయినా, పాప గౌనయినా, ఠాణా నుంచి వచ్చిన నోటీసయినా అంతే. నలభై ఏళ్లకు పైగా బీడీలు చేసిన చెయ్యి అది. గంపెడు బీడీల్లో సరిగా నిండని ఒక్కదాన్ని ఆమె చూడకుండానే, వేలితో తడిమి తీసి పక్కన పెట్టగలదట. మనుషుల మాటలను కూడా అలాగే నొక్కి చూసేది. ఒకసారి కొత్తగా వచ్చిన ఎస్సై, ప్రజలకూ పోలీసులకూ మధ్య ఉండాల్సిన స్నేహం గురించి అరగంట మాట్లాడాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఖాలా నా చెవి దగ్గరికి వంగింది.

"ఆకు మంచిగున్నది బేటీ. లోపట తంబాకు లేదు."

ఎస్సైలను ఆమె దుల్హా, అంటే పెళ్లికొడుకు, అనేది. వచ్చిన రోజు పూలదండలు, శాలువలు, ఫోటోలు. ఏడాది తిరక్కుండానే బదిలీ. మళ్లీ దండలు. "కొత్త దుల్హా ఎట్లున్నడు?" అని ఠాణా మెట్ల మీదే రైటర్‌ని అడిగేది. ఆయన లోపలికి ఒక చూపు వేసి, "మెల్లగ ఖాలా, ఇంటడు" అనేవాడు. "విననియ్యి. షాదీ ఐతున్నట్టు ఆయనకు గూడ ఎర్కుండాలె గదా."

మేము ఎస్సై గదిలో మెత్తటి కుర్చీల్లో కూర్చుంటే, ఆమె వరండాలో ఫిర్యాదులకు వచ్చినవాళ్ల బెంచీ మీద కూర్చునేది. మీటింగ్ మొదలయ్యాకే లోపలికి వచ్చేది. ఠాణా చాయ్ మాత్రం ముట్టేది కాదు. "వీళ్ల చాయ్‌ల చక్కెర ఎక్కువ. నోరు అతుక్కుంటది." బెంచీ మీద కూర్చుని ఆమె చూసేది మనుషులను కాదు, చెప్పులను. ఠాణాలో ఎవరినైనా లోపల ఉంచితే చెప్పులు బయట విప్పిస్తారు. లాకప్ ముందు రెండు జతలుంటే రిజిస్టర్లో రెండు పేర్లుండాలి. లాకప్ ముందు కాకుండా, వెనక సామాన్ల గది ముందు చెప్పులుంటే ఖాలా లేచి నిలబడేది.

"గీ చెప్పులు ఎవలయి?"

"కరెంటు పనిచేసెటోనియి ఖాలా."

"అట్లనా. ఐతే నేను గీడనే కూసుంట. కరెంటాయన బయటికి రానియ్యి, మా ఇంట్ల గూడ ఒక బుగ్గ పోయింది."

కాసేపటికి ఎవరో ఒకరు ఆ గదిలోంచి బయటికి వచ్చేవారు. కరెంటు పనివాడిలా మాత్రం ఉండేవారు కాదు. వాళ్ల పేరు అప్పుడు రిజిస్టర్లోకి ఎక్కేది. కమిటీ ఠాణాను చూసేది ఏమైనా ఉందంటే అది ఆ బెంచీ మీద జరిగిందే. మెత్తటి కుర్చీల్లో మేము ఊరేగింపు ఏ వీధిలోంచి పోవాలో, డీజే ఎంతసేపు మోగాలో మాట్లాడుకునేవాళ్లం.

నన్ను కమిటీలో వేసింది చదువుకున్న ఆడమనిషి కావాలని. మా ఆయన ఒప్పుకున్నది ఠాణాలో పరిచయం ఉంటే మంచిదని. మొదటి మీటింగ్ నాడే ఖాలా రిజిస్టర్ నా ఒళ్లో పెట్టింది.

"నీకు సదువొచ్చు గదా. మొదటి కాయితం నుంచి ఆఖరు కాయితం దాంక నంబర్లెయ్యి. పెన్నుతోటి."

రైటర్‌కి కోపం వచ్చింది. "ఎందుకు ఖాలా? మేమేమన్న చింపుతమా?"

"మీరెందుకు చింపుతరు బిడ్డా. ఎలుకలు చింపుతయ్. ఏ నంబరు తిన్నయో ఎర్కుండాలె."

ఇంకొక మాట కూడా చెప్పింది నాకు. రాత అయిపోయాక కింద ఖాళీ మిగిలితే అడ్డంగా గీత కొట్టమంది. రాసింది పైకి చదివి వినిపించాకే వేలిముద్ర వేస్తాననేది. ఆమెకు తెలుగు చదవడం రాదు, ఉర్దూలో పేరు కూడబలుక్కోగలదేమో. ముద్ర వేస్తే అది నల్లటి మరక మాత్రమే. తునికాకు రుద్దీ రుద్దీ వేలి మీద రేఖలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషను ఆమె వేలిని ఎప్పుడూ ఒప్పుకోలేదు. రైటర్ ఒకసారి అందరి ముందూ నవ్వించాడు. "ఖాలా ముద్ర ఏసినా ఒకటే, ఎయ్యకున్నా ఒకటే. ఎవలదో ఎవలకు ఎర్క?"

"ఎవలదో నాకెర్క" అంది ఖాలా. "ఇంకొకల బదులు ఎన్నడు ఎయ్యలే."

ఒక మంగళవారం గణేశ్ ఊరేగింపు గురించి మీటింగ్ జరిగింది. అందరూ తొందరలో ఉన్నారు. సేటుకు దుకాణం, టీచరుకు మనవరాలి స్కూలు, నాకు ఇంట్లో జ్వరంతో ఉన్న పాప. రైటర్ ఎప్పటిలాగే రిజిస్టర్ ముందే తిప్పాడు. "సంతకాలు పెట్టి పోండ్రి, నేను తర్వాత రాస్కుంట." మా కమిటీ అలవాటు అదే. మేము పెట్టేది హాజరు సంతకమని అనుకునేవాళ్లం. పైన ఏం రాస్తారో అడగడం మర్యాద కాదన్నట్టు ఉండేవాళ్లం. నేను నాలుగో సంతకం పెట్టాను. ఖాలా దగ్గరికి వచ్చేసరికి ఆమె ఖాళీ పేజీ అంచు నొక్కి చూసింది.

"రాసి, సదివి ఇనిపియ్యి. అప్పుడేస్త."

"టైం లేదు ఖాలా."

"నాకున్నది."

రైటర్ రిజిస్టర్ మూసేశాడు. ఖాలా వెళ్లి బెంచీ మీద కూర్చుంది. నేను ఆటో కోసం పరుగెత్తుతుంటే కొంగు పట్టుకుని ఆపింది.

"బేటీ, అటు సూడు."

సామాన్ల గది ముందు ఒక జత చెప్పులు. గోధుమరంగు రబ్బరు చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ తెగితే గులాబీ రంగు దారంతో కుట్టి ఉంది. బీడీలు చుట్టే సన్నటి దారం. "ఇది మా పనోళ్ల ముడి" అంది ఖాలా. "ఎవలో బీడీలు చేసెటామె ఇంటాయన లోపటున్నడు. సూసినవా?"

"చూశాను ఖాలా" అన్నాను. ఇంటికి పోయాను.

మర్నాడు ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఒక ఇంటి గడపలో కూర్చుని అడిగింది, మీ ఆయన చెప్పులు ఇంట్లో ఉన్నాయా అని. అతను ఆటో నడుపుతాడు. తండ్రి బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక బతుకుతెరువుకు కొడుకును ఈ పట్నం పంపాడు. ఇద్దరు పిల్లల తండ్రి. సోమవారం సాయంత్రం నుంచి ఇంటికి రాలేదని భార్య చెప్పింది. ఖాలా ఆమెను వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్తే, అలాంటివాడెవరూ ఇక్కడ లేడన్నారు. చెప్పులు అప్పటికి అక్కడ లేవు. గురువారం నాడు అతన్ని ప్రయాణికుల ఫోన్లు కొట్టేసిన కేసులో అదే రోజు పట్టుకున్నట్టు చూపించారు. బెయిలు మీద బయటికి వచ్చినప్పుడు కుడికాలు నేల మీద మోపలేకపోతున్నాడు. మూడు రోజులు తనను ఎక్కడ ఉంచారని, కాలు ఏమైందని అతను వేసిన కేసు ఇప్పుడు కోర్టులో ఉంది.

పై ఆఫీసు సంజాయిషీ అడిగితే ఠాణా ఇచ్చిన కాగితాల్లో మా రిజిస్టర్ పేజీ ఉంది. నలభై ఒకటో పేజీ. ఇప్పుడు మళ్లీ తెరిచి చూశాను. మంగళవారం నాడు కమిటీ సభ్యులు ఠాణాలోని గదులన్నీ తిరిగి చూసి, ఎవరినీ అక్రమంగా ఉంచలేదని సంతృప్తి తెలిపారు అని రాసి ఉంది. చక్కటి దస్తూరి. కింద మా సంతకాలు. ఖాలా పేరు ఎదురుగా 'గైర్హాజరు' అని ఉంది.

విచారణకు వేరే ఊరి నుంచి ఒక అధికారి వచ్చాడు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. ఆ రోజులన్నీ మా ఇంట్లో ఒకటే మాట. మా ఆయన గల్ఫ్‌లో కొత్త కంపెనీకి పోవాలంటే ఠాణా నుంచి తన మీద కేసులేమీ లేవన్న కాగితం రావాలి. అది రైటర్ బల్ల మీదే ఉంది. కనబడినప్పుడల్లా ఆయన, "మీది మన ఇంటి పని మేడం, ఐపోతది" అనేవాడు. మా అత్తమ్మ బీడీల చేట ఒళ్లో పెట్టుకుని తల ఎత్తకుండానే చెప్పింది. "మనకు ఠాణాతోటి పనున్నది. ముసల్దానికేమున్నది? అడిగినదానికే చెప్పు, ఎక్కువ చెప్పకు."

అధికారి అడిగింది రెండే ప్రశ్నలు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్."

"మీటింగ్‌కి వచ్చినట్టే గదా?"

"వచ్చాను సార్."

"సరే, వెళ్లండి."

ఖాలా ఆ రోజు ఉందా అని ఆయన అడగలేదు. చెప్పుల సంగతి అడగలేదు. అడగనివాటికి నేను జవాబు చెప్పలేదు. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా బయటికి వచ్చాను. రైటర్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు, నేను దాటేదాకా. ఖాలా బెంచీ మీదే ఉంది.

"ఏమడిగిండు?"

"సంతకం నాదేనా అని."

"ఏమన్నవ్?"

"నాదే అన్నాను."

ఆమె నా కొంగు అంచు రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కింది. "సంతకం నీదే బేటీ. దాని మీదున్న మాటెవల్ది?"

ఇక నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మా ఇంటికి రావడం మానేస్తుందనుకున్నాను. మానలేదు. అదే కష్టమైంది నాకు. వారానికి ఒకసారి వచ్చి, గడప దగ్గర కూర్చుని, పాప జుట్టుకు నూనె రాసేది. పాప చెప్పులు తిరగేసి పట్టీలు చూసేది. అత్తమ్మతో దగ్గు గురించి, తునికాకు తేమ గురించి మాట్లాడేది. కోర్టు మాట ఎత్తేది కాదు. ఆమె మెట్లు దిగిపోయేదాకా నేను వంటింట్లోనే ఏదో ఒకటి కడుగుతూ ఉండేదాన్ని.

ఒక్కసారి మాత్రం అడిగింది. ఆ డ్రైవర్ తరఫున ఆమె కోర్టులో వాంగ్మూలం ఇస్తే, నువ్వా రోజు ఠాణాలోనే లేవని రిజిస్టర్ చూపించారట. ఆ సాయంత్రం నేరుగా మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు.

"నేనున్ననా, లేనా బేటీ?"

"ఉన్నావు ఖాలా."

"నాకెందుకు చెప్తవ్? నేనున్నది నాకెర్కే."

అత్తమ్మ చేతిలో కత్తెర ఆగింది. పాప వచ్చి ఖాలా కాళ్లను చుట్టేసుకుంది. ఆమె పాప తల నిమిరి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

దవాఖానాలో చూడటానికి వెళ్లినప్పుడు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మాట్లాడితే దగ్గు. వార్డు తలుపు దగ్గర వరుసగా విప్పిన చెప్పుల వైపు చేయి చూపించి నవ్వింది. "ఈడ అందరియి లెక్కున్నయ్" అంది. నేను తెచ్చిన చాయ్ తాగింది. అప్పుడైనా చెబుతాను, కోర్టులో చెబుతాను ఖాలా అని అందామనుకున్నాను. మా ఆయన కాగితం ఇంకా రాలేదు. కంపెనీ నెలాఖరు దాకానే ఆగుతానంది. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆమె నా ముఖం చూసి కళ్లు మూసుకుంది. ఎనిమిది రోజులకు పోయింది.

కోర్టు వాయిదా వచ్చే సోమవారం. డ్రైవర్ భార్య నిన్న వచ్చి గేటు బయటే నిలబడింది. "అక్కా, ఖాలా పోయింది. ఇగ మాకెవలున్నరు?" అంది. లోపలికి రమ్మంటే రాలేదు. ఆమె కాళ్లకు చెప్పుల్లేవు.

ఈ పేజీ చూస్తుంటే ఇందాక ఒక ఆలోచన వచ్చింది. ఆరు సంతకాలు కింద ఉన్నాయి, పైన జాగా ఉంది, పెన్ను నా చేతిలో ఉంది. ఖాలా ఆ రోజు ఉందని, చెప్పులు ఉన్నాయని, మేమెవరమూ ఏ గదీ చూడలేదని ఇక్కడే రాసేస్తే? ఆరుగురూ సాక్షులైపోతారు. సదర్ సాబ్, సేటు, టీచరు ఎవరూ కాదనలేరు. సంతకాలు వాళ్లవే. నేను ఒక్కదాన్నే నిలబడక్కర్లేదు. పెన్ను కాగితం మీద పెట్టాను కూడా. ఒక చుక్క పడింది.

నలభై ఒకటో పేజీలో నాకు జరిగింది అదే కదా.

యాభై ఎనిమిదో పేజీలో ఖాళీ మీద పై మూల నుంచి కింది సంతకాల దాకా అడ్డంగా గీత కొట్టాను. రేపు రైటర్ ఇదేంటని అడుగుతాడు. చింపేద్దామంటే నంబర్లున్నాయి, నా చేత్తో వేసినవే. యాభై తొమ్మిదో పేజీ తిప్పాను. ఖాలా గురించి నేను రాయగలిగింది ఇంతే అనిపించింది. ఇలా రాశాను.

'గణేశ్ ఊరేగింపు గురించి జరిగిన మంగళవారం మీటింగ్‌కు ఆమె వచ్చింది. రాసింది చదివి వినిపించలేదని వేలిముద్ర వేయలేదు. మేము ఠాణాలో ఏ గదీ చూడలేదు. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టాను. వెనక గది ముందు ఒక మగమనిషి చెప్పులు ఉన్నాయి. ఆమె చూపిస్తే నేను చూశాను. ఎడమ చెప్పు పట్టీ తెగితే కుట్టి ఉంది. ఇది నా ఒక్కదాని మాట. ఈ మాటే సోమవారం కోర్టులో చెబుతాను.'

సంతకం పెట్టబోతుంటే వెనక అలికిడి. మంచినీళ్ల కోసం లేచిన అత్తమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఏం రాస్తున్నవే గిప్పటిదాంక?"

ఏదో ఒకటి చెప్పి రిజిస్టర్ మూసేయొచ్చు. మా ఆయన కోటగిరిలో వరికోత మిషన్ మీద ఉన్నాడు, పొద్దున్నే ఫోన్ చేసి కాగితం వచ్చిందా అని అడుగుతాడు. మొదట తిట్టేది అత్తమ్మే. అయినా చదివి వినిపించాను, మొదటి నుంచి, మెల్లగా, పాప లేవకుండా. అయిపోయాక ఆమె లోపలికి వచ్చింది. చెంబు బల్ల మీద పెట్టి, నా పక్కన కూర్చుంది. తనకు రాని అక్షరాల మీద బొటనవేలు పెట్టి చూసింది.

"వాడు గల్ఫ్ పోకుంటే పాయె ఇగ" అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "దారం ఏ రంగో రాసినవా?"

రాయలేదు.

"రాయి. గులాబి దారమని రాయి. మా పనోళ్ల ముడి అని గూడ రాయి."

రాశాను. ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదివి వినిపించాను. ఆమె తలూపాక సంతకం పెట్టాను.